ఎడ్వర్డు రాబర్ట్సు

పట్టణములలో వీథికి ఇరుప్రక్కల పాదచారుల కొరకు ఎత్తుగా కట్టిన కాలిబాటలుండును. వాటి అంచు సాధారణముగ ఆరంగుళముల ఎత్తుండును. కాళ్లలో సత్తువ గలవాడు ఆ అంచును చూడకయే ఎక్కును, చూడకయే దిగును. చక్రముల కుర్చీలో కూర్చుండి తిరుగవలసిన వానికి ఆ ఆరంగుళములు కోటగోడ వంటివి. వీథి కావలి ప్రక్కన గ్రంథాలయమున్నను, తపాలా కార్యాలయమున్నను అతడు వాటిని కన్నులార చూడవచ్చునే గాని చేరలేడు. నలుగురు వచ్చి కుర్చీని ఎత్తిన గాని అతని పని సాగదు. ఈ అడ్డు మనుష్యులు కట్టినది. కావున దానిని మనుష్యులే సవరింపవచ్చును. ఈ సత్యమును లోకమునకు చాటిన వారిలో అగ్రగణ్యుడు ఎడ్వర్డు రాబర్ట్సు. అతనికి మెడ క్రింది భాగమంతయు చచ్చుబడి యుండెను. చేతివ్రేళ్లు రెండును, కాలివ్రేళ్లు కొన్నియు మాత్రమే కదలుచుండెను. అట్టివాడు ఒక నగరమును కదలించెను.

రాబర్ట్సు 1939 వ సంవత్సరము జనవరి 23 వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కాలిఫోర్నియా రాష్ట్రమునందు శాన్ మాటియో పట్టణమున జన్మించెను. తండ్రి పేరు వెర్న్, తల్లి పేరు జోనా. నలుగురు అన్నదమ్ములలో ఎడ్వర్డే పెద్దవాడు. తండ్రి రైల్వేలో ఉద్యోగి. వారిది కష్టించి బ్రదుకు సామాన్య కుటుంబము. బాలుడు చురుకైనవాడు, ఆటలనిన ప్రాణము పెట్టువాడు.

1953 వ సంవత్సరమున, పదునాలుగేండ్ల ప్రాయమున, ఎడ్వర్డునకు పోలియో వ్యాధి సోకెను. ఆ దినములలో ఆ వ్యాధి పేరు వినినంతనే తల్లిదండ్రుల గుండెలు దడదడలాడుచుండెను. వెన్నుపాములో నుండి కండరములకు ఆజ్ఞలు కొనిపోవు నరకణములను ఆ వ్యాధిక్రిమి నాశనము చేయును. స్పర్శజ్ఞానము పోదు, కాని కండరములు కదలవు. ఊపిరి పీల్చుటకు తోడ్పడు కండరములు పడిపోయినచో ప్రాణమే నిలువదు. జోనాస్ సాల్కు అను శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన టీకా 1955 లో గాని ప్రజలకు అందలేదు. రెండేండ్ల యెడమున ఎడ్వర్డు జీవితమంతయు మారిపోయెను.

వైద్యులు అతనిని ఉక్కు ఊపిరితిత్తి అను యంత్రములో నుంచిరి. అది మనుష్యుడు పండుకొనుటకు తగినంత పొడవైన లోహపు పీపా. రోగి తల మాత్రము వెలుపల నుండును. యంత్రము పీపాలోని గాలి ఒత్తిడిని తగ్గించినపుడు రోగి రొమ్ము విచ్చుకొని ఊపిరి లోనికి పోవును. ఒత్తిడిని పెంచినపుడు ఊపిరి వెలికి వచ్చును. ఇట్లు రేయింబవళ్లు ఆ యంత్రమే అతని కొరకు ఊపిరి పీల్చుచుండెను.

ఒకనాడు వైద్యుడొకడు తల్లితో, ఈ బాలుడు బ్రదుకుటకంటె పోవుటయే మేలేమో, బ్రదికినను కాయగూర వలె పడియుండునని పలికెను. ఆ మాటలు ఎడ్వర్డు చెవిని బడెను. అతని మనస్సు విరిగిపోయెను. తాను ఎవరికిని పనికిరాని వాడననియు, కుటుంబమునకు భారమనియు తలచి అతడు అన్నము మానెను. కొంతకాలమునకు శరీరపు బరువు మిక్కిలి దిగజారెను. కడపట, అతనిని కనిపెట్టుకొని యుండుటకు ఏర్పరచిన ప్రత్యేక దాది వెడలిపోయిన పిమ్మట, ఎడ్వర్డు తనంతట తానుగ ఆలోచించుకొనెను. చచ్చుటయో బ్రదుకుటయో నిశ్చయింపవలసినది తానే యని అతనికి తోచెను. అతడు బ్రదుకుటకే నిశ్చయించి మరల అన్నము తినసాగెను. పెద్దవాడైన పిమ్మట అతడు ఆ వైద్యుని మాటను తలచి నవ్వుచుండెను. తాను కాయగూర యగుటయే నిజమైనచో ఆర్టిచోకు అను కాయగూర నగుదుననియు, దానికి పైన ముండ్లుండినను లోపల మెత్తని గుండె కలదనియు చమత్కరించుచుండెను.

పదునెనిమిది నెలలు ఆసుపత్రులలో గడపి అతడు ఇల్లు చేరెను. రాత్రులందు ఉక్కు ఊపిరితిత్తిలో నిద్రించును. పగటివేళ, నోటితోను గొంతుతోను గాలిని గుటకలు గుటకలుగా మ్రింగి ఊపిరితిత్తులకు పంపు విద్యను అభ్యసించెను. కప్ప గొంతు కదలించినట్లుండుటచే దానికి కప్ప ఊపిరి అని పేరు వచ్చెను. ఈ విద్య అలవడిన పిమ్మట కొన్ని గంటలపాటు యంత్రము వెలుపల నుండగలిగెను.

మొదట టెలిఫోను ద్వారా ఇంటినుండియే పాఠములు వినుచుండెను. కాని తల్లి జోనా దానితో తృప్తి పడలేదు. కుమారుడు నలుగురిలో మెలగవలెనని పట్టుబట్టి, వారమున కొకమారు కొన్ని గంటలు పాఠశాలకు పంపెను. తనను అందరును గ్రుడ్లప్పగించి చూతురను భయము ఎడ్వర్డును పీడించుచుండెను. మొదటి దినమున నిజముగనే అందరును చూచిరి. అతడు తిరిగి చూడగా వారే కన్నులు దించుకొనిరి. ఇంత జరిగినను తనకేమియు నష్టము కలుగలేదని అతడు గ్రహించెను. ఆనాటినుండి సిగ్గు అతనిని విడిచిపోయెను.

చదువు ముగియుచుండగా వేరొక చిక్కు వచ్చెను. మోటారు నడపు పాఠమును, వ్యాయామ పాఠమును ముగింపలేదు గాన యోగ్యతాపత్రము ఇయ్య వీలులేదని పాఠశాల పెద్దలు పలికిరి. కదలలేని బాలుడు మోటారు నడపుట ఎట్లు? తల్లి ఊరకుండలేదు. పాఠశాలల పాలకమండలికి మొరపెట్టి పోరాడి, కుమారునకు యోగ్యతాపత్రమును సంపాదించెను. న్యాయమైన దానికొరకు అడుగుటకు వెనుదీయరాదను పాఠమును ఎడ్వర్డు తన తల్లి వద్ద నేర్చెను.

పిమ్మట అతడు శాన్ మాటియో కళాశాలలో చేరెను. అచట జీన్ వర్తు అను అధ్యాపకురాలు అతని తెలివిని గుర్తించి, రాజనీతి శాస్త్రము చదువుటకు బర్క్‌లీ నగరమునందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు పొమ్మని ప్రోత్సహించెను. చదువునకు ధనసహాయము కావలసియుండెను. వికలాంగులకు తోడ్పడి ఉద్యోగములకు తీర్చుటకై రాష్ట్ర ప్రభుత్వమునందు ఒక పునరావాస శాఖ యుండెను. ఎడ్వర్డు ఎన్నడును ఉద్యోగము చేయజాలడని తలచి ఆ శాఖవారు మొదట సహాయమును నిరాకరించిరి. ఈ సంగతి పత్రికలకెక్కగా వారు మనస్సు మార్చుకొనిరి.

విశ్వవిద్యాలయమున గూడ సంశయములే ఎదురయ్యెను. వికలాంగులకు చోటిచ్చి చూచితిమి గాని ఫలము లేకపోయెనని ఒక అధికారి పెదవి విరిచెను. 800 పౌనుల బరువుగల యంత్రమును భరింపగల వసతిగృహ మొక్కటియు లేకుండెను. అపుడు విద్యార్థుల ఆరోగ్య శాఖకు అధిపతియైన డాక్టరు హెన్రీ బ్రూయన్ ముందునకు వచ్చి, విశ్వవిద్యాలయపు కవెల్ ఆసుపత్రిలో ఒక గది చూపెను. అది రోగి మంచముగా గాక విద్యార్థి వసతిగా ఉండునట్లు ఒడంబడిక జరిగెను. ఇట్లు 1962 లో ఎడ్వర్డు బర్క్‌లీలో అడుగిడెను. ఆ సంవత్సరముననే జేమ్సు మెరెడిత్ అను నల్లజాతి యువకుడు, తెల్లవారికే పరిమితమై యుండిన మిసిసిపీ విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. ఒక దేశమున ఒకే ఏట రెండు తలుపులు తెరువబడెను.

ఎడ్వర్డు 1964 లో పట్టమును, 1966 లో ఎం. ఏ. పట్టమును పొందెను. అతడు తెరచిన దారిని మరికొందరు అనుసరించిరి. 1963 లో జాన్ హెస్లర్ వచ్చెను. ఏటేట సంఖ్య పెరిగెను. ఆసుపత్రిలోని ఒక అంతస్తు వికలాంగ విద్యార్థుల నివాసమాయెను. కాలుసేతులు చచ్చుబడి చక్రములపై తిరుగువారగుటచే వారు తమ కూటమికి రోలింగ్ క్వాడ్స్ అని నవ్వులాటగా పేరు పెట్టుకొనిరి. రాత్రులు వారందరును చేరి చర్చలు సాగించుచుండిరి. ఒకమారు పునరావాస శాఖ అధికారి ఒకరు ఇద్దరు విద్యార్థులను చదువు చాలలేదని వెడలగొట్ట జూడగా, ఎల్లరును ఏకమై ఎదిరించి వారిని నిలుపుకొనిరి. తమ జీవితమును గూర్చి నిర్ణయింపవలసిన వారు తామే యను భావము వారిలో గట్టిపడెను.

స్వతంత్ర జీవనమనగా ఏమి? తన పనులన్నియు తన చేతులతో చేసికొనుటయే స్వతంత్రమని లోకము తలచుచుండెను. ఎడ్వర్డు వేరొక అర్థము చెప్పెను. చొక్కా తొడుగువాడు సేవకుడైనను, ఏ చొక్కా తొడుగవలెనో, ఎపుడు లేవవలెనో, ఎచటికి పోవలెనో నిర్ణయించువాడు తానైనచో తాను స్వతంత్రుడే. కావలసినవి మూడు: తగిన సహాయకులు, నివసింపదగిన ఇల్లు, అడ్డులేని వీథి. ఈ మూడింటి కొరకు 1970 లో విశ్వవిద్యాలయమునందు వికలాంగ విద్యార్థుల కార్యక్రమమొకటి ఆరంభమాయెను. దానిని నడపినవారు వికలాంగులే. సహాయకులను కుదుర్చుటయు, చెడిన చక్రముల కుర్చీలను బాగుచేయుటయు, అనువైన ఇండ్లను వెదకుటయు వారి పనులు. కుర్చీ చెడిన దినమున విద్యార్థి తరగతికి పోలేడు గదా!

విద్యుచ్ఛక్తితో నడచు కుర్చీని రెండు వ్రేళ్లతో నడపుట ఎడ్వర్డు నేర్చుకొనెను. అంతవరకు వెనుక నొకరు త్రోయవలసియుండెను. ఇపుడు ఇచ్చవచ్చినచోటికి తానే పోగలడు. కాని కుర్చీ వీథి మూలకు రాగానే ఆగిపోవుచుండెను. కాలిబాట అంచు దిగవలెను, వీథి దాటవలెను, ఆవలి అంచు ఎక్కవలెను. ఒక్కొక్క మూల ఒక్కొక్క ఆటంకము. రోలింగ్ క్వాడ్స్ నగరసభ ముందు నిలిచి, మూలమూలను అంచును కోసి వాలుబాట కట్టవలసినదని కోరిరి. వారి పట్టుదల ఫలించెను. 1971 సెప్టెంబరులో బర్క్‌లీ నగరసభవారు, ముఖ్యమైన వ్యాపార స్థలములందలి వీథులను కాలిబాటలను వికలాంగులు సంచరించుటకు వీలుగా నిర్మింపవలెనని తీర్మానించిరి.

వాలుబాట కట్టుట తేలికయని తోచును. కాని దానికిని లెక్క కలదు. వాలు నిటారుగా నున్నచో కుర్చీ వెనుకకు జారును, లేదా తలక్రిందులగును. ఒక అంగుళము ఎత్తునకు పన్నెండు అంగుళముల పొడవు ఉండవలెనన్నది నేడు సాధారణముగ పాటించు నియమము. అనగా ఆరంగుళముల అంచునకు ఆరడుగుల వాలు కావలెను. ఏ మూలలు ముందు, ఏవి వెనుక అన్నదియు ఆలోచింపవలసినదే. ఒక మూల కోసి తరువాతి మూల విడిచినచో మొదటిదియు వ్యర్థము. ఈ పనిలో హేల్ జుకాస్ అను యువకుడు మిక్కిలి పాటుపడెను. అతనికి మాట స్పష్టముగ రాదు. తలకు కట్టిన పుల్లతో పలకపై అక్షరములను చూపి భావము తెలుపువాడు. అట్టివాడు నగరపు దారులను పటములపై గుర్తించి, ఎచటెచట వాలుబాటలు కావలెనో సూచించెను.

ఇట్టి వాలుబాటలు బర్క్‌లీలోనే మొదట పుట్టినవి కావు. రెండవ ప్రపంచ సంగ్రామమున అవయవములు పోగొట్టుకొనిన సైనికుల కొరకు మిషిగన్ రాష్ట్రమునందలి కలమజూ నగరమున 1940 ప్రాంతపు దశకముననే కొన్ని కట్టియుండిరి. దారులను వరుసగ కలిపి, వికలాంగుడు ఇంటినుండి బయలుదేరి తరగతికి, అంగడికి, స్నేహితుని ఇంటికి ఒంటరిగ పోవునట్లు చేయుట బర్క్‌లీ ప్రత్యేకత.

పని జరిగిన పిమ్మట రెండు సంగతులు బయల్పడెను. మొదటిది సంతోషకరము. పిల్లబండి త్రోయు తల్లులు, మూటల బండి లాగు కూలీలు, చేతికర్రతో నడచు వృద్ధులు, పెట్టెలు మోయు ప్రయాణికులు అందరును వాలుబాటనే వెదకికొని నడవసాగిరి. కొందరి కొరకు చేసినది ఎల్లరకును మేలాయెను. రెండవది ఆలోచింపదగినది. అంధుడు తన కర్రతో కాలిబాట అంచును తాకి, వీథి మొదలైనదని గుర్తించును. అంచు పోయినచో అతడు తెలియక వాహనముల నడుమకు పోవచ్చును. ఒకరి అడ్డు వేరొకరికి ఆనవాలు! దీనికిని ఉపాయము దొరకెను. జపాను దేశస్థుడైన సెయిచీ మియాకే అనునతడు పాదమునకును కర్రకును తెలియునట్లు బొడిపెలు గల పలకలను 1965 లో కల్పించెను. అవి 1967 లో ఒకయామా నగరమున అంధుల పాఠశాల సమీపమున మొదట పరచబడెను. నేడు రైలుస్టేషనులలో కనబడు పసుపుపచ్చని బొడిపెల పలకలు వాటి సంతతియే. ఎవరి కొరకు కట్టుచున్నామో వారినందరిని అడిగి కట్టవలెనని దీనివలన తేలినది.

1972 లో బర్క్‌లీలో స్వతంత్ర జీవన కేంద్రము స్థాపింపబడెను. విశ్వవిద్యాలయములో విద్యార్థులకు లభించు సహాయము నగరములోని వికలాంగుల కెల్లరకును అందవలెనన్నది దాని ఆశయము. కొలదికాలములోనే ఎడ్వర్డు దానికి నాయకుడాయెను. ఈ కేంద్రమును చూచి ఇతర నగరములందును అట్టివి వెలసెను.

1975 లో ఒక విచిత్రము జరిగెను. కాలిఫోర్నియా గవర్నరు జెర్రీ బ్రౌన్ ఎడ్వర్డు రాబర్ట్సును రాష్ట్ర పునరావాస శాఖకు అధిపతిగా నియమించెను. ఎన్నడును ఉద్యోగము చేయజాలడని ఏ శాఖ పలికెనో, ఆ శాఖకే అతడు యజమాని యాయెను. పగ తీర్చుకొనుటకు అతడు ఆ పీఠమును ఉపయోగింపలేదు. రాష్ట్రమంతట స్వతంత్ర జీవన కేంద్రములను నెలకొల్పుటకు ఉపయోగించెను. 1983 వరకు ఆ పదవిలో నుండెను.

ఆ నడుమ 1977 లో ఒక మహోద్యమము చెలరేగెను. కేంద్రప్రభుత్వ ధనముతో నడచు ఏ సంస్థయు వికలాంగులను వేరుచేసి చూడరాదని 1973 నాటి శాసనమునందలి 504 వ విభాగము విధించెను. కాని దానిని అమలు జరుపు నిబంధనలపై సంతకము కాక ఏండ్లు గడచుచుండెను. 1977 ఏప్రిల్ 5 వ తేదీన వికలాంగులు అనేక నగరములలో ప్రభుత్వ కార్యాలయముల యెదుట నిలిచిరి. శాన్ ఫ్రాన్సిస్కోలో జూడిత్ హ్యూమన్, కిట్టీ కోన్ మొదలగువారి నాయకత్వమున నూటికి మించిన జనులు కార్యాలయములోనికి చొచ్చి అచటనే బైఠాయించిరి. వారిలో అనేకులకు వేళకు మందులు కావలెను. ప్రక్క మార్చుటకు మరియొకరి సాయము కావలెను. అయినను కదలలేదు. టెలిఫోనులు నిలిపివేయగా, బధిరులు కిటికీల వద్ద నిలిచి చేతిసంజ్ఞలతో వెలుపలివారికి వార్తలు తెలిపిరి. నల్లజాతివారి సంఘమైన బ్లాక్ పాంథర్లు వేడి భోజనములు తెచ్చి పెట్టిరి. రాష్ట్ర ప్రభుత్వమున ఉన్నతాధికారియై యుండియు రాబర్ట్సు వెరవక వచ్చి వారి పక్షమున మాటలాడెను. ఏప్రిల్ 28 న నిబంధనలపై సంతకమాయెను. అవయవ బలము లేనివారు ఐకమత్య బలముచే గెలిచిరి.

1983 లో జూడిత్ హ్యూమన్, జోన్ లియాన్ అనువారితో కలిసి అతడు ప్రపంచ వికలాంగ సంస్థను స్థాపించెను. 1984 లో మకార్థర్ సంస్థవారి సుప్రసిద్ధమైన పారితోషికము అతనికి లభించెను. ఊపిరి యంత్రము నమర్చిన కుర్చీతోనే దేశదేశములు తిరిగి ప్రసంగించెను. సాహసములందును వెనుదీయలేదు, తెప్పపై నదిలో ప్రయాణించెను, సముద్రపు డాల్ఫినులతో ఈదెను. 1990 జూలై 26 న అమెరికాలో వికలాంగుల హక్కుల శాసనము వెలువడెను. బస్సులు, అంగళ్లు, కార్యాలయములు, టెలిఫోనులు వికలాంగులకు అందుబాటులో నుండవలెనని అది విధించెను. ఎందరో పాటుపడి సాధించిన ఆ శాసనమును రాబర్ట్సు కన్నులార చూడగలిగెను.

1995 మార్చి 14 వ తేదీన, ఏబదియారవ ఏట, ఎడ్వర్డు రాబర్ట్సు కన్ను మూసెను. బ్రదికినను ఫలము లేదని వైద్యుడు పలికిన పిమ్మట అతడు నలుబదియేండ్లకు పైగా జీవించెను. అతని చక్రముల కుర్చీ వాషింగ్టన్ నగరమునందలి జాతీయ ప్రదర్శనశాలలో భద్రపరుపబడెను. 2010 లో బర్క్‌లీలో ఒక రైలుస్టేషను చెంత అతని పేర ఒక భవనము వెలసెను. దాని నడుమ ఎర్రని వాలుబాట సుడివలె చుట్టుకొని పై అంతస్తునకు పోవును. కాళ్లున్నవారును చక్రములున్నవారును ఆ దారిననే కలిసి పోవచ్చును.

అతడు మరణించిన సంవత్సరముననే భారత పార్లమెంటు వికలాంగుల హక్కులను గూర్చి ఒక శాసనమును ఆమోదించెను. 2016 లో దాని స్థానమున మరింత విస్తృతమైన శాసనము వచ్చెను. శాసనము కాగితముపై నుండును. వాలుబాట వీథిలో నుండవలెను. పాఠశాల గుమ్మమున మెట్ల ప్రక్కన చిన్న వాలు కట్టించుటకు పెద్ద ధనము అక్కరలేదు. ఆ గుమ్మము వద్ద ఏ బాలుడైనను, ఏ బాలికయైనను ఆగిపోవుచున్నారా యని గమనించు కన్ను ముందుగా కావలెను. ఎడ్వర్డు రాబర్ట్సు తన దేశమువారికి తెరచిన కన్ను అదియే.